పతకం ఎవరిది, ప్రశ్న ఎవరిది?

మూడేళ్ల కిందటి మాట. ఒక విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్ర విభాగాలన్నిటికీ కలిపి ఏటా ఇచ్చే ఉత్తమ పరిశోధనా బహుమతికి ఎంపిక సంఘం వేశారు. ఐదుగురు సభ్యులలో నేనొకణ్ణి. చేనేత కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి కనుక ‘సామాజిక ప్రాతినిధ్యం’ అనే గడిలో నా పేరు పడిందని నాకు తెలుసు. మా ముందుకు వచ్చిన ఏడు సిద్ధాంత గ్రంథాలలో ఒకటి రాజకీయ మనస్తత్వ శాస్త్రానికి సంబంధించినది. రాసినది ఒక దళిత విద్యార్థిని.

ఆమె ఎంచుకున్న విషయం చూడటానికి చాలా చిన్నది. హాస్టల్‌లో కొత్తగా చేరిన విద్యార్థికి మొదటి వారంలో ఎదురయ్యే మూడు ప్రశ్నలు. మీ ఇంటిపేరేమిటి? ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు? ప్రవేశ పరీక్షలో నీ ర్యాంకెంత? మూడూ వేర్వేరు ప్రశ్నల్లా వినిపిస్తాయి గానీ, మూడూ అడిగేది ఒక్కటే. ఆ ప్రశ్నలకు విద్యార్థులు ఎలా జవాబు చెబుతారు, ఎలా తప్పించుకుంటారు, అబద్ధం చెప్పినవారు ఆ అబద్ధాన్ని ఎన్నాళ్లు మోస్తారు, నిజం చెప్పినవారి భోజనాల బల్ల ఎప్పుడు మారిపోతుంది, ఆ మార్పు వారి రాజకీయ ఎంపికల మీద ఎలా పనిచేస్తుంది అన్నది ఆమె పరిశోధన. నా పాతికేళ్ల చదువులో అంత నిశితంగా రాసిన అధ్యాయాలు తక్కువే చూశాను.

సమావేశంలో ఒక పెద్దాయన గ్రంథం మూసి, “బాగానే ఉంది గానీ, పరిశోధకురాలు తన విషయానికి మరీ దగ్గరగా నిలబడింది” అన్నారు. ఇంకొకరు ఇది మనస్తత్వ శాస్త్రం కాదు, సోషియాలజీ వాళ్ల పని అన్నారు. నేను మాట్లాడలేదు. మార్కుల పట్టికలో ‘శాస్త్రీయ తటస్థత’ అనే వరుస ఉంది. అందులో ఆమెకు నేను వేయదలచుకున్న దానికన్నా రెండు మార్కులు తక్కువ వేసి సంతకం చేశాను. బహుమతి ఓటర్ల వైఖరులను విదేశీ ప్రమాణ పట్టికతో కొలిచిన మరొక గ్రంథానికి వెళ్లింది. ఆ గ్రంథం చెడ్డదని నేననను. కానీ ఈ అమ్మాయి వెనకబడింది ఒకే ఒక్క మార్కుతో.

ఎనిమిది నెలల తర్వాత ఆమె సమాచార హక్కు చట్టం కింద ఆ పట్టికలు తెప్పించుకుంది. తర్వాత నాకు ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడలేదు. “సార్, ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గించారో చెప్తారా? నేర్చుకోవడానికే అడుగుతున్నాను” అంది. నేనేదో పొడిపొడిగా చెప్పి ఫోన్ పెట్టేశాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను చెప్పవలసి ఉన్న జవాబు.

లాస్‌వెల్ అడిగిన ప్రశ్న

మనుషులు అధికారాన్ని ఎందుకు కోరుకుంటారు, ఎందుకు లొంగుతారు, తమకు నష్టం చేసే వ్యవస్థను కూడా ఎందుకు మోస్తారు, ఏ క్షణంలో తిరగబడతారు అన్న ప్రశ్నలే రాజకీయ మనస్తత్వ శాస్త్రానికి పునాది. ఈ రంగంలో అంతర్జాతీయ రాజకీయ మనస్తత్వ శాస్త్ర సంఘం ప్రధానమైనది. జీన్ నట్సన్ అనే పరిశోధకురాలి చొరవతో 1978లో అమెరికాలో ఏర్పడింది. రంగంలో అతి విశిష్టమైన శాస్త్రీయ కృషికి హెరాల్డ్ లాస్‌వెల్ పేరున, వృత్తిపరమైన కృషికి నెవిట్ శాన్‌ఫర్డ్ పేరున, యువ పరిశోధకులకు ఎరిక్ ఎరిక్సన్ పేరున, ఉత్తమ గ్రంథానికి అలెగ్జాండర్ జార్జ్ పేరున ఈ సంఘం అవార్డులు ఇస్తుంది. సంఘానికి చేసిన సేవకు ఇచ్చే అవార్డుకు నట్సన్ పేరే పెట్టారు.

లాస్‌వెల్ అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త. రాజకీయాలను మనోవైద్యుడి కళ్లతో చూస్తూ 1930లోనే పుస్తకం రాశారు. 1936లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథం పేరులోనే ఒక నిర్వచనం ఉంది. ఎవరికి ఏది, ఎప్పుడు, ఎలా దక్కుతుందన్నదే రాజకీయం. ఇదే ప్రశ్నను ఆయన పేరుతో ఇచ్చే అవార్డుకూ, మన ఊళ్లో ఇచ్చే బంగారు పతకాలకూ వేసి చూడవచ్చు. అలా వేసినందుకు లాస్‌వెల్ నొచ్చుకోరు.

అవార్డు అంటే శాలువా, జ్ఞాపిక, పత్రికలో ఫొటో మాత్రమే కాదు. అవార్డు పొందినవారి గ్రంథం పాఠ్యప్రణాళికలోకి వస్తుంది. వారి పద్ధతి ప్రమాణమవుతుంది. వారి శిష్యులకు ఉద్యోగాలు వస్తాయి. వారు పత్రికల సంపాదక వర్గాల్లోకి వెళ్లి, తర్వాతి తరం వ్యాసాలలో ఏది అచ్చు కావాలో, ఏది తిరిగి వెళ్లాలో నిర్ణయిస్తారు. పదేళ్లు గడిచేసరికి ఏది పరిశోధించదగిన ప్రశ్న, ఏది ‘వ్యక్తిగత గోడు’ అన్న గీత అక్కడే గీయబడుతుంది. పైగా ఇలాంటి అవార్డులకు సాధారణంగా ఎవరో ఒకరు పేరు ప్రతిపాదించాలి. ప్రతిపాదించే పెద్దచెయ్యి లేనివాడి గ్రంథం బల్ల మీదికే రాదు. వెలివాడకూ విశ్వవిద్యాలయానికీ మధ్య ఉన్న దూరాన్ని రిజర్వేషన్ కొంత తగ్గించింది. విశ్వవిద్యాలయానికీ గుర్తింపుకూ మధ్య ఉన్న దూరం ఇంకా అలాగే ఉంది.

దగ్గరగా నిలబడినవాళ్లు

‘విషయానికి మరీ దగ్గరగా నిలబడింది’ అన్న అభ్యంతరాన్ని ఈ రంగపు చరిత్ర ముందు పెట్టి చూద్దాం.

జిమ్ సిడానియస్‌కు 2006లో లాస్‌వెల్ అవార్డు వచ్చింది. ఆయన 1945లో న్యూయార్క్‌లో పుట్టిన నల్లజాతీయుడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు జేమ్స్ బ్రౌన్. అమెరికాలోని జాతి వివక్షతో విసిగి దేశం విడిచి వెళ్లాడు. స్వీడన్‌లో స్థిరపడి, పేరు మార్చుకుని, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశాడు. తర్వాత అమెరికా తిరిగి వచ్చి హార్వర్డ్‌లో ఆచార్యుడయ్యాడు. ఫెలీషియా ప్రాటోతో కలిసి ఆయన 1999లో ప్రచురించిన ‘సోషల్ డామినెన్స్’ గ్రంథం, సమాజాలు సమూహాల నిచ్చెనలుగా ఎందుకు నిలబడతాయో, ఆ నిచ్చెనను నిలబెట్టే కల్పనలు ఎలా పనిచేస్తాయో వివరించింది. పైమెట్టు మీద ఉన్నవాడు ఆ మెట్టు తనకు న్యాయంగానే దక్కిందని నమ్మాలి, కిందివాడినీ నమ్మించాలి. ఒక కాలంలో ఆ పని కర్మ సిద్ధాంతం చేసింది. ఇప్పుడు మెరిట్ అనే మాట చేస్తోంది. పేరు కూడా మార్చుకుని ఖండాంతరం వెళ్లిన మనిషి తన విషయానికి ఎంత దూరంలో నిలబడినట్టు?

హెన్రీ తాజ్‌ఫెల్ పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి జర్మన్లకు పట్టుబడ్డాడు. యుద్ధం ముగిసి తిరిగి వచ్చేసరికి కుటుంబంలో చాలామంది నాజీల చేతుల్లో హతమైపోయారు. బ్రిటన్‌లో ఆయన 1970 ప్రాంతంలో చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. ఎవరి చిత్రాలు నచ్చాయన్న అల్పమైన సాకుతో బడిపిల్లలను రెండు గుంపులుగా విడదీస్తే చాలు, ఆ పిల్లలు తమ గుంపువాడికి ఎక్కువ, అవతలి గుంపువాడికి తక్కువ పంచడం మొదలుపెట్టారు. ఒకే మనిషిని ‘మనవాడు’గానూ ‘పరాయివాడు’గానూ చేయడం ఎంత తేలికో తన ఒంటి మీద చూసినవాడికే అంత సులభమైన ప్రయోగం తోచింది.

కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ నల్లజాతి దంపతులు. నల్లబొమ్మ, తెల్లబొమ్మ పక్కపక్కన పెట్టి, ఏది మంచిబొమ్మ అని పిల్లలను అడిగారు. నల్లపిల్లల్లో చాలామంది తెల్లబొమ్మనే చూపించారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడులలో జాతి వేర్పాటును కొట్టేసినప్పుడు కెన్నెత్ క్లార్క్ అధ్యయనాన్ని తన తీర్పులో ఉదహరించింది. శాన్‌ఫర్డ్ కథ వేరు. అడోర్నో, ఎల్సే ఫ్రెంకెల్-బ్రున్స్విక్, లెవిన్సన్‌లతో కలిసి 1950లో నియంతృత్వ మనస్తత్వం మీద సుప్రసిద్ధ గ్రంథం వెలువరించిన ఆయన, అదే ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విధించిన విధేయతా ప్రమాణం మీద సంతకం పెట్టనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నాజీల బారి నుంచి వియన్నా వదిలి వచ్చిన యూదు స్త్రీ ఫ్రెంకెల్-బ్రున్స్విక్‌కు అదే విశ్వవిద్యాలయంలో భర్త ఆచార్యుడన్న కారణంతో ఆచార్య పదవి దక్కలేదు.

ఈ శాస్త్రాన్ని నిర్మించినవారిలో ఇంతమంది గాయపడినవాళ్లే. వారి గాయం వారి పరిశోధనకు లోపమని ఇప్పుడు ఎవరూ అనరు. అదే వారికి చూపునిచ్చిందని పాఠాలు చెబుతాం. నేను కూడా చెప్పాను. తరగతి గదిలో తాజ్‌ఫెల్ గురించి గొంతు పెంచి చెప్పిన నేనే, సమావేశపు గదిలో వెలివాడ నుంచి వచ్చిన అమ్మాయి విషయానికి వచ్చేసరికి దూరం కొలిచే టేపు తీశాను. దూరంగా నిలబడిన వాడు తటస్థుడనే నమ్మకం ఎవరికి అనుకూలమో చెప్పనక్కరలేదు. అగ్రహారం నుంచి వెలివాడను చూసినవాడికి ‘దూరం’ పుట్టుకతోనే వచ్చింది. ఆ దూరానికే మనం మార్కులు వేస్తున్నాం.

హైదరాబాద్ దారి

ఈ శాస్త్రానికీ మన నేలకూ ఉన్న సంబంధం తెలుగు విద్యార్థులు తెలుసుకోదగినది. మహజరీన్ బనాజీ సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన పార్సీ మహిళ. నిజాం కాలేజీలో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ. చేశారు. ఒకసారి ఢిల్లీ నుంచి రైల్లో ఇంటికి వస్తూ, దారిలో ఒక స్టేషన్‌లో చవకగా దొరికిన ఐదు సంపుటాల సాంఘిక మనస్తత్వ శాస్త్ర గ్రంథం కొన్నారట. అదే తనను ఈ దారిలో నడిపించిందని ఆమె చెప్పుకున్నారు. అమెరికాలో పరిశోధన చేసి, హార్వర్డ్ ఆచార్యురాలయ్యారు. మనకు తెలియకుండా మనలో పనిచేసే వివక్షను కొలిచే పద్ధతిని ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ తదితరులతో కలిసి అభివృద్ధి చేశారు. 2018లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యారు.

ఆమె జాన్ జోస్ట్‌తో కలిసి 1994లో ప్రచురించిన ఒక వ్యాసం నుంచి ‘వ్యవస్థా సమర్థన’ సిద్ధాంతం మొదలైంది. మనిషి తన ప్రయోజనాన్నీ తన గుంపు ప్రయోజనాన్నీ మాత్రమే కాదు, తానున్న వ్యవస్థను కూడా సమర్థించుకోవాలని చూస్తాడు, నష్టపోతున్నవాడు కూడా ఒక్కోసారి ఆ పని చేస్తాడు అని దాని సారాంశం.

ఈ సిద్ధాంతాన్ని నేను ఏళ్ల తరబడి బోధించాను. ఆ రోజు సమావేశంలో అది నాలోనే రుజువైంది. నేను పైవర్ణాల వాణ్ణి కాను. నన్నెవరూ బెదిరించలేదు. ఆ బల్ల దగ్గర నాకు దొరికిన కుర్చీని కాపాడుకోవడానికి నాకన్నా కిందిమెట్టు మీద ఉన్న మనిషిని రెండు మార్కులు కిందికి నెట్టాను. నన్ను ‘మనవాడే’ అనిపించుకోవడానికి నేను చెల్లించిన రుసుము అది. చెల్లించింది నేనే గానీ, డబ్బు మాత్రం ఆమె జేబులోది.

దీన్ని అందరికన్నా ముందు, అందరికన్నా స్పష్టంగా చెప్పినవాడు అంబేడ్కర్. భారతదేశంలో అసమానత ఒక గోడలా లేదు, మెట్లుగా ఉంది. పైకి చూసి గౌరవించడం, కిందికి చూసి ఏవగించుకోవడం ప్రతి మెట్టు మీదా నేర్పుతారు. అందుకే ప్రతివాడికీ కాపాడుకోవడానికి ఏదో కొంత ఉంటుంది, అందుకే అందరూ కలిసి నిచ్చెనను పడదోయరు. 1916 మే 9న, పాతికేళ్ల వయసులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలోనే ఆయన, కులం పైనుంచి కిందికి అనుకరణ ద్వారా ఎలా పాకిందో ఫ్రెంచి మేధావి టార్డ్ అనుకరణ సూత్రాల సాయంతో వివరించారు. ఇది మనస్తత్వ విశ్లేషణ కాకపోతే మరేమిటి? లాస్‌వెల్ పుస్తకానికి పద్నాలుగేళ్ల ముందు మాట ఇది. 1936లో కులనిర్మూలన గురించి రాస్తూ, కులం ఇటుకల గోడ కాదు, అది మనసులో ఉన్న భావన అనీ, ఆ భావనకు పవిత్రత కల్పించిన శాస్త్రాల ప్రామాణ్యాన్ని ఛేదించకుండా కులం పోదనీ తేల్చారు.

అంబేడ్కర్‌కు కొలంబియా 1952లో, మన ఉస్మానియా 1953లో గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. ఆయన రాజ్యాంగ నిర్మాతగా, న్యాయకోవిదుడిగా గౌరవం పొందారు. మనసు గురించి మాట్లాడిన శాస్త్రజ్ఞుడిగా మాత్రం ఆయన మన విభాగాల గడప దాటలేదు. నేను చదివిన, బోధించిన మనస్తత్వ శాస్త్ర పాఠ్యప్రణాళికలు వేటిలోనూ ఆ 1916 వ్యాసం లేదు. అదే ఎరిక్సన్ గాంధీ మీద, 1918 నాటి అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెను కేంద్రంగా చేసుకుని రాసిన మానసిక జీవితచరిత్రకు 1970లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నేషనల్ బుక్ అవార్డు కూడా వచ్చింది. అది మా చదువులో ఉంది. మహాత్ముడి మనసు శాస్త్రానికి విషయమైంది. మెట్ల సమాజాన్ని విప్పి చూపిన మనసు శాస్త్రానికి విషయం కూడా కాలేదు, కర్త కూడా కాలేదు.

కారంచేడు చెప్పిన సవరణ

నా తప్పును వ్యవస్థా సమర్థన సిద్ధాంతం వివరిస్తుంది. ఆ అమ్మాయి ఫోన్‌ను మాత్రం వివరించలేదు. అణగారినవారు వ్యవస్థను లోలోపల అంగీకరిస్తారన్న మాటను ఎక్కడిదాకా నమ్మాలన్నది ఈ రంగంలో ఇప్పటికీ నలుగుతున్న వివాదం. బయటికి మౌనంగా ఉండటం లోపల అంగీకరించినట్టు కాదని, శక్తి కూడినప్పుడు ఆ మౌనం వేరే రూపం తీసుకుంటుందని వాదించే పరిశోధకులున్నారు. అవమానాన్ని సమూహ అనుభవంగా చూస్తూ, కులం నేపథ్యంలో దానిని పరిశోధించిన యశ్‌పాల్ జోగ్దండ్ వంటివారు ఇప్పుడు ఆ చర్చలోకి మన అనుభవాన్ని తీసుకువస్తున్నారు.

తెలుగు నేల దగ్గర ఈ చర్చకు తిరుగులేని సాక్ష్యం ఉంది. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది తాగే నీటి చెరువును మురికి చేయవద్దన్న మాట దగ్గర. చేతిలో బిందె ఎత్తి ఎదిరించిన స్త్రీ దగ్గర. బాధితులు ఊరు వదిలి చీరాలలో శిబిరం వేసుకున్నారు. ఆ శిబిరం నుంచి దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు, బతికినవాళ్లు తమ మృతులను ఊరి చివర కాదు, ఊరి నడిబొడ్డున పూడ్చి ఆ చోటును రక్తక్షేత్రమన్నారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి సాధించారు. కింద ఉన్నవాడు తన స్థానాన్ని ఒప్పుకున్నాడన్న సిద్ధాంతం ఈ రెండు ఊళ్ల ముందు నిలబడి ఏం చెబుతుంది? ఆ బిందె ఎత్తిన చేతిలో ఉన్న మనస్తత్వ శాస్త్రమేమిటి? ఈ ప్రశ్న మీద ప్రపంచస్థాయి పరిశోధన రావలసింది మన విశ్వవిద్యాలయాల నుంచే. అది రాగల పిల్లల గ్రంథాలను ‘మరీ దగ్గర’ అని పక్కన పెడుతున్నది కూడా మనమే.

ర్యాంకు అడిగినప్పుడు

ఆ విద్యార్థిని ఎంచుకున్న ర్యాంకు ప్రశ్న అల్పమైనదని ఎవరైనా అనుకుంటే, ఒక ప్రయోగం గుర్తు చేస్తాను. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలను కూర్చోబెట్టి, కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చి, పరిష్కరించిన ఒక్కోదానికీ డబ్బు ఇస్తామన్నారు. అగ్రకులాల పిల్లలు, దళిత పిల్లలు సమాన సంఖ్యలో ఉన్నారు. ఎవరి కులమూ ప్రస్తావించనప్పుడు రెండు వర్గాల ఫలితాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. అందరి ఎదుట ఒక్కొక్కరి పేరూ కులమూ చదివిన తర్వాత దళిత పిల్లల ఫలితం స్పష్టంగా పడిపోయింది. పిల్లలు మారలేదు, పజిళ్లు మారలేదు. గదిలో ఒక మాట పలికారు, అంతే.

హాస్టల్ గదిలో ‘నీ ర్యాంకెంత’ అన్న ప్రశ్న చేసే పని ఇదే. ప్రయోగంలో ఒక్కసారి చదివిన ఆ మాటను క్యాంపస్‌లో ఐదేళ్లు రోజూ చదువుతారు. తర్వాత అదే విద్యార్థి మార్కుల జాబితా తీసి మెరిట్ లేదంటారు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తర్వాత మన క్యాంపస్‌లలో ఎన్నో సదస్సులు జరిగాయి. సదస్సుల మాటలు సదస్సులలోనే ఉన్నాయి. మార్కుల పట్టికలో ఒక్క గడి కూడా మారలేదు.

పతకం కడగని మచ్చ

అవార్డు మనిషిని కడిగి శుద్ధి చేయదన్న సంగతి కూడా ఈ రంగమే నేర్పింది. ఐరోపా సాంఘిక మనస్తత్వ శాస్త్ర సంఘం తన అత్యున్నత పురస్కారాన్ని చాలాకాలం తాజ్‌ఫెల్ పేరుతో ఇచ్చింది. ఆయన తన దగ్గర పనిచేసిన స్త్రీలను వేధించిన తీరు పరిశోధనా వ్యాసాలలో బయటపడ్డాక, 2019లో పురస్కారానికి ఆ పేరు తీసేసింది. పరాయితనం ఎలా పుడుతుందో లోకానికి చూపించినవాడు తన సొంత ప్రయోగశాలలో స్త్రీలను ఏ మెట్టు మీద నిలబెట్టాడో కూడా చూడక తప్పలేదు. ఆయన సిద్ధాంతాన్ని ఎవరూ పారేయలేదు. ఆయన పేరుకు మొక్కడం మాత్రం మానేశారు. ఈ రెండింటి తేడా మనకు ఇంకా అలవాటు కాలేదు.

మన దేశంలో రాజకీయ మనస్తత్వ శాస్త్రమనగానే గుర్తొచ్చే పేరు ఆశిష్ నంది. వలస పాలన మనసును ఎలా ఆక్రమించిందో 1983 నాటి తన గ్రంథంలో అసాధారణంగా చెప్పారు. 2007లో జపాన్‌లోని ఫుకువోకా మహా పురస్కారం అందుకున్నారు. 2013 జనవరిలో జైపూర్ సాహిత్యోత్సవంలో అవినీతిపరులలో ఎక్కువమంది వెనుకబడిన కులాల నుంచి, దళితుల నుంచి, ఇప్పుడు ఆదివాసుల నుంచి కూడా వస్తున్నారనే అర్థంలో మాట్లాడారు. తన మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని ఆయన వివరించారు. పోలీసు కేసు పెట్టడాన్ని నేను సమర్థించను. ఒక మాటకు జవాబు మరొక మాటే కావాలి. కానీ ఆ రోజు నన్ను కలచివేసింది మరొకటి. అంత సూక్ష్మంగా మనసును చదివిన పండితుడికి, వేదిక మీద ఆ వాక్యం పలికేటప్పుడు అది ఎవరి చెవిన ఎలా పడుతుందో తోచలేదు. ఆ వేదిక మీద, ఆ రంగంలో, ఆ అవార్డుల జాబితాల్లో వెంటనే ‘అయ్యా, ఆగండి’ అనగల సాటి పండితులు దళితుల నుంచి ఎంతమంది ఉన్నారు?

మన సాహిత్యంలో జాషువాకు గండపెండేరం తొడిగారు, పద్మభూషణ్ ఇచ్చారు. జీవితమంతా ఆయన ఎదుర్కొన్న అవమానాలను ఆ సన్మానాలు చెరపలేదు. కనుక దళిత విద్యార్థులకు నాలుగు పతకాలు పంచితే సరిపోతుందని నేననడం లేదు. పతకం ఇచ్చే చెయ్యి, దాని వెనక ఉన్న కొలబద్ద మారాలంటున్నాను.

చేయదగిన పనులు

ఇవేవీ విప్లవాలు కావు, రేపటి సమావేశంలోనే మొదలుపెట్టవచ్చు. మొదటిది, ప్రతి ఎంపిక సంఘం తన నిర్ణయానికి కారణాలు రాతపూర్వకంగా అభ్యర్థులందరికీ ఇవ్వాలి. పరిశోధకురాలు సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకుంటే తప్ప తన గ్రంథం గురించి ఏమనుకున్నారో తెలియని స్థితి విద్యాసంస్థకు తగినది కాదు. రెండవది, ‘తటస్థత’ అనే గడిని తీసేసి, దాని చోట ‘పద్ధతిలో పారదర్శకత’ అని పెట్టాలి. పరిశోధకుడు ఎక్కడ నిలబడి చూశాడో చెప్పాడా, అతని ఆధారాలను మరొకరు పరీక్షించగలరా అన్నది అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న దూరంగా నిలబడినవాడికీ వర్తిస్తుంది. అగ్రకుల పరిశోధకుడు తన స్థానం చెప్పకుండా ఓటర్ల కులం గురించి మూడువందల పుటలు రాస్తే, దానిని లోపంగా గుర్తించాలి.

మూడవది, సంఘంలో దళిత, ఆదివాసీ, బహుజన సభ్యులు ఒక్కరుగా కాక కనీసం ఇద్దరు ముగ్గురుగా ఉండాలి. ఒంటరిగా ఉన్న ప్రతినిధి ఎలా లొంగుతాడో చెప్పడానికి నాకన్నా మంచి ఉదాహరణ అక్కరలేదు. నాలుగవది, తెలుగులో రాసిన పరిశోధనను బహుమతులకు సమానంగా పరిగణించాలి. అవమానాన్ని అనుభవించిన భాషలో చెప్పినప్పుడు దొరికే సూక్ష్మత, పరాయి భాషలో ప్రమాణ పట్టికగా మార్చేసరికి జారిపోతుంది. ‘ఎటువైపు ఇల్లు’ అన్న రెండు మాటల బరువును ఏ అంతర్జాతీయ పట్టిక కొలుస్తుంది? చివరిది, అంబేడ్కర్ 1916 వ్యాసాన్ని మనస్తత్వ శాస్త్ర మొదటి సంవత్సరంలో పాఠంగా పెట్టాలి. విగ్రహానికి దండ వేయడం కన్నా ఇది కొంచెం కష్టమైన గౌరవం.

ఇవన్నీ చెప్పాక కూడా ఆ అమ్మాయి ప్రశ్న అలాగే ఉంది. ఆమె ఇప్పుడు ఒక డిగ్రీ కళాశాలలో గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకురాలు. ఉద్యోగ దరఖాస్తులో అవార్డుల వివరాలకు ఒక గడి ఉంటుంది. ఆమె దానిలో గీత గీసి వదిలేస్తోంది. ఆ గీతలో నా సంతకం ఉంది.

ఈ వ్యాసం పత్రికకు పంపే ముందు ఆమెకు చదివి వినిపించి, అచ్చువేయడానికి అనుమతి అడిగాను. పేరు వద్దంది. కాసేపాగి, “మీరు తగ్గించిన కారణం రాశారు, సార్. ఆ రోజే నోరు తెరిచి ఉంటే ఏమయ్యేదో కూడా రాయండి” అంది. ఏమయ్యేదో నాకు తెలుసు. ఏమీ అయ్యేది కాదు. నా కుర్చీ నాకే ఉండేది, తర్వాతి ఏడు సంఘంలో బహుశా నా పేరు ఉండేది కాదు, ఆమె చేతిలో ఒక పతకం ఉండేది. ఇంత చిన్న భయానికి ఇంత పెద్ద సిద్ధాంతాలు చదువుకున్నాను.